చిన్న గాటు, పెద్ద కోత: మూత్రపిండ తొలగింపు శస్త్రచికిత్సల చరిత్ర – చేవెళ్ల, మొయినాబాద్ నేపథ్యం

వ్యాససంగ్రహం:
మూత్రపిండాన్ని తొలగించే శస్త్రచికిత్స 1869లో డొక్కలో పెద్ద కోతతో మొదలై 1990 నాటికి చిన్న గాట్ల పద్ధతికి చేరింది. ఈ రెండు పద్ధతులను పోల్చడానికి వాడిన కొలమానం మాత్రం ఎప్పుడూ ఒక్కటిగా లేదు. రోగి ప్రాణం, నొప్పి, పనికి తిరిగి వెళ్లే గడువు, దాత క్షేమం, శరీరంలో మిగిలే మూత్రపిండ భాగం ఒక్కో కాలంలో ఒక్కొక్కటిగా ముందుకు వచ్చాయి. రంగారెడ్డి జిల్లాలోని చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతాన్ని నేపథ్యంగా తీసుకొని, ఓపెన్ శస్త్రచికిత్స కీహోల్ పద్ధతికి గతించిన దశ కాదని, దానికి నేటికీ వెన్నుదన్నుగా నిలిచే నైపుణ్యమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మూత్రపిండం, ఓపెన్ శస్త్రచికిత్స, లాపరోస్కోపీ, హైదరాబాదు క్లోరోఫాం కమిషన్, సజీవ దాత, అంగీకార పత్రం, చేవెళ్ల, మొయినాబాద్.

1. ఉపోద్ఘాతం:

హైదరాబాదు నుంచి పడమటగా వికారాబాదుకు పోయే దారిలో ముందు మొయినాబాద్, దాని తరువాత చేవెళ్ల వస్తాయి. రంగారెడ్డి జిల్లాకు పేరిచ్చిన కొండా వెంకట రంగారెడ్డి స్వగ్రామం పెద్దమంగళారం మొయినాబాద్ మండలంలోనిదే. ఈ దారికి తూర్పు కొసన మూసీ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, పడమటి కొసన అనంతగిరి కొండల మీద నిజాం కాలపు క్షయ చికిత్సాలయం ఉన్నాయి. ఈ రెంటి నడుమ ఉన్న పల్లెలకు పెద్ద శస్త్రచికిత్స అంటే చాలాకాలం పట్నం ప్రయాణమే.

1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరద ఈ ప్రాంత చరిత్రను రెండు విధాలుగా మార్చింది. అఫ్జల్‌గంజ్‌లోని పాత ఆసుపత్రి ఆ వరదలో దెబ్బతినగా, దాని వారసత్వంగా ఉస్మానియా ఆసుపత్రి కొత్త భవనం వెలిసింది. మళ్లీ అలాంటి వరద రాకుండా మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టారు. మొయినాబాద్ ఈ రెండు జలాశయాల ఎగువ నేల. పట్నానికి తాగునీరు ఇచ్చిన ఊళ్లే వైద్యం కోసం అదే పట్నానికి వెళ్లాయి. ఇటీవలి దశాబ్దాల్లో మొయినాబాద్ మండలం యెంకేపల్లి దగ్గర భాస్కర్ వైద్య కళాశాల, అజీజ్‌నగర్‌లో వీఆర్‌కే మహిళా వైద్య కళాశాల, చేవెళ్లలో పట్నం మహేందర్ రెడ్డి వైద్య విజ్ఞాన సంస్థ ఏర్పడడంతో ఆ దూరం కొంత తగ్గింది. దూరం తగ్గిన చోట ప్రశ్న కూడా మారుతుంది. ఎక్కడికి పోవాలన్నది ఒకప్పటి ప్రశ్న. ఏ పద్ధతిలో చేయించుకోవాలన్నది ఇప్పటి ప్రశ్న. ఈ రెండో ప్రశ్నకు కీహోల్ మేలు అన్న ఒక్క మాటతో జవాబు చెప్పడం వాడుకైపోయింది. చరిత్రలోకి చూస్తే ఆ జవాబు అంత సులభంగా కుదరదు.

2. 'ఆపరేషన్' అన్న మాట:

తెలంగాణ పల్లెల్లో ఒక స్త్రీని ఉద్దేశించి 'ఆపరేషన్ అయిందా?' అని అడిగితే అది కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స గురించే అని ఎవరికైనా తెలుస్తుంది. విశేషణం అక్కరలేనంతగా ఆ మాట ఆ అర్థంలో స్థిరపడింది. లాపరోస్కోపీ పల్లెలకు వచ్చిందీ ఆ ద్వారం నుంచే. పిత్తాశయం, మూత్రపిండం వంటి అవయవాలను ఆ పరికరంతో తీయవచ్చునన్న ఆలోచన స్థిరపడక ముందే, కుటుంబ నియంత్రణ శిబిరాల్లో అది వాడుకలో ఉంది. ఆ శిబిరాలను నేటికీ డీపీఎల్ క్యాంపులంటారు. డీపీఎల్ అంటే రెండు గాట్ల లాపరోస్కోపీ అనే ఇంగ్లీషు పేరుకు పొడి అక్షరాలు.

కాబట్టి మిగతా ప్రపంచంలో అత్యాధునికతకు గుర్తుగా పరిచయమైన ఈ పరికరం, ఇక్కడ ఒకే రోజు పదుల మందికి చేసే శిబిర చికిత్సగా పరిచయమైంది. ఈ తేడా చిన్నది కాదు. 2022 ఆగస్టు 25న ఇదే రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో జరిగిన డీపీఎల్ శిబిరంలో 34 మందికి శస్త్రచికిత్స చేయగా, తరువాతి రోజుల్లో నలుగురు స్త్రీలు మరణించారు. గాటు చిన్నదైతే ప్రమాదం కూడా చిన్నదేనన్న నమ్మకాన్ని ఈ జిల్లా ఆ విధంగా పరీక్షించుకోవలసి వచ్చింది. గాటు పొడవు ఒక సంగతి. పరికరాల శుద్ధి, మత్తు, తరువాతి పర్యవేక్షణ మరో సంగతి. మూత్రపిండ శస్త్రచికిత్స విషయంలోనూ ఈ రెంటినీ కలిపి చూడడం వల్లనే పోలిక తప్పుదారి పడుతుంది.

3. 1869 – నలభై నిమిషాలు:

మూత్రపిండాన్ని ముందుగా నిశ్చయించుకొని తొలగించిన మొదటి విజయవంతమైన శస్త్రచికిత్స 1869 ఆగస్టు 2న జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో జరిగింది. చేసినవాడు గుస్తావ్ సైమన్. అంతకు ముందు జరిగిన ఒక శస్త్రచికిత్స వల్ల రోగి మూత్రనాళం దెబ్బతిని, మూత్రం దారి తప్పి కారుతూ ఉండేది. దాన్ని సరిచేసే ప్రయత్నాలు విఫలమయ్యాయి. మిగిలిన దారి ఆ వైపు మూత్రపిండాన్నే తీసివేయడం. ఒక్క మూత్రపిండంతో మనిషి బతుకుతాడా అన్నది అప్పటికి తేలని విషయం. సైమన్ ముందుగా కుక్కల మీద ప్రయోగాలు చేసి, బతకవచ్చునని నిర్ధారించుకున్నాకే కత్తి పట్టాడు. శస్త్రచికిత్సకు సుమారు 40 నిమిషాలు పట్టింది. రోగి కోలుకుంది.

అతడు పొట్ట ముందువైపు నుంచి కాక, నడుము వెనుక భాగం నుంచి వెళ్లాడు. పేగులను కప్పి ఉండే పెరిటోనియం అనే పొరను తెరవకుండా మూత్రపిండాన్ని చేరడం అతని ఉద్దేశం. ఆ పొర తెరుచుకొని చీము పడితే ప్రాణాలు దక్కని కాలమది. లిస్టర్ క్రిమినాశక పద్ధతి ప్రకటించి అప్పటికి రెండేళ్లే అయింది. ఆనాటి పోలికకు ఒకటే కొలమానం: రోగి బతికిందా, లేదా? మచ్చ ఎంత పొడవన్న ప్రశ్నకు అక్కడ తావు లేదు. 1871లో సైమన్ చేసిన రెండో తొలగింపులో రోగి చీము పట్టి మరణించింది.

కోత సాధ్యం కావడానికి మత్తు కావాలి. ఆ మత్తు చరిత్రలో హైదరాబాదుకు సొంత అధ్యాయం ఉంది. రెసిడెన్సీ సర్జన్, హైదరాబాదు వైద్య పాఠశాల ప్రధానాధ్యాపకుడు ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్థిక సాయంతో 1888, 1889 సంవత్సరాల్లో రెండు క్లోరోఫాం కమిషన్లు ఇక్కడ పనిచేశాయి. రెండో కమిషన్ కోసం లండన్ నుంచి లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ వచ్చాడు. క్లోరోఫాం ముందుగా ఆపేది శ్వాసనేనని, కనుక రోగి ఊపిరిని కనిపెట్టి ఉండాలని కమిషన్ తేల్చింది. అది గుండెను కూడా హఠాత్తుగా ఆపగలదని తరువాతి పరిశోధనలు చూపాయి. ఆ వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్జీ ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరు. సైమన్ ప్రయోగాలకూ, హైదరాబాదు కమిషన్ ప్రయోగాలకూ బలైనవి ఎక్కువగా కుక్కలేనన్నది వైద్యచరిత్రలో ఎవరూ పెద్దగా రాయని సంగతి.

4. డొక్కలో కోత:

సైమన్ తరువాత నూరేళ్లకు పైగా మూత్రపిండ తొలగింపు అంటే డొక్కలో కోతే. రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, బల్లను మధ్యలో పైకి వంచి, పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ చోటు తెరుచుకునేలా చేస్తారు. పదకొండో లేదా పన్నెండో పక్కటెముక వెంబడి కోసి, ఒకదాని కింద ఒకటిగా ఉన్న కండర పొరలను విడదీసి, మూత్రపిండం చుట్టూ ఉన్న కొవ్వును చేరుకుంటారు. ధమనిని, సిరను, మూత్రనాళాన్ని కట్టి కోస్తారు. శస్త్రవైద్యుని చెయ్యి లోపల ఉంటుంది. రక్తనాళం కొట్టుకోవడం వేలికి తెలుస్తుంది. రక్తం చిమ్మితే ఆ వేలితోనే అదిమి ఆపవచ్చు. ఈ పద్ధతి బలమంతా ఆ స్పర్శలో ఉంది.

దాని బాధ కూడా ఆ కోతలోనే ఉంది. కండరాలు తెగడం వల్ల ఊపిరి తీసినా, దగ్గినా నొప్పి. పక్కటెముక కింది నరం దెబ్బతింటే ఆ చోట మొద్దుబారడం, డొక్క ఉబ్బెత్తుగా మిగిలిపోవడం కద్దు. బరువులు ఎత్తే పనికి కొన్ని వారాలు, ఒక్కోసారి రెండు మూడు నెలలు దూరంగా ఉండాలి. చేవెళ్ల చుట్టుపక్కల నేల టమాటా, క్యారెట్, ఆకుకూరలు, పూల సాగుకు పేరు పొందింది. ఆ పంటలన్నీ నడుము వంచి కోసేవి, రోజూ మార్కెట్టుకు మోసేవి. నెల జీతం మీద బతికే మనిషికి ఆరు వారాల విశ్రాంతి సెలవు దరఖాస్తుతో పోతుంది. టమాటా బాక్సులు ఎత్తే కూలికి అది ఒక పంట కాలం. వైద్య గ్రంథాల్లో 'పనికి తిరిగి వెళ్లే వ్యవధి' అన్న ఒక్క పట్టిక వరుసలో ఇమిడిపోయే విషయం ఇదే.

మూత్రపిండాన్ని తొలగించవలసి వచ్చే కారణాలు కూడా కాలంతో మారాయి. ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో క్షయ ఒక ముఖ్య కారణం. ఊపిరితిత్తుల నుంచి రక్తం ద్వారా మూత్రపిండానికి చేరిన క్షయ దాన్ని క్రమంగా తినివేసేది. కొండగాలి, విశ్రాంతి, పోషకాహారం తప్ప మందు లేని రోజుల్లో అనంతగిరి వంటి చికిత్సాలయాలు వెలిశాయి. స్ట్రెప్టోమైసిన్, 1952 నుంచి ఐసోనియాజిడ్ వాడుకలోకి వచ్చాక క్షయ కోసం కత్తి పట్టవలసిన అవసరం బాగా తగ్గింది. శస్త్రచికిత్సను నిజంగా చిన్నది చేసింది ఒక్కోసారి మందు బిళ్లేనని శస్త్రచికిత్సల చరిత్ర రాసేవారు మరిచిపోతుంటారు.

5. 1990 – ఏడు గంటలు:

1990 జూన్ 25న అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో రాల్ఫ్ క్లేమన్ బృందం 85 ఏళ్ల స్త్రీకి లాపరోస్కోపీ ద్వారా మూత్రపిండాన్ని తొలగించింది. పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ వాయువు నింపి, చిన్న గాట్ల గుండా కెమెరానూ పరికరాలనూ పంపి, విడదీసిన మూత్రపిండాన్ని లోపలే ఒక సంచిలో వేసి ముక్కలు చేసి బయటికి తీశారు. దానికి సుమారు ఏడు గంటలు పట్టింది. సైమన్‌కు నలభై నిమిషాలు పట్టిన పనికి నూట ఇరవై ఒక్క ఏళ్ల తరువాత ఏడు గంటలు పట్టడాన్ని ప్రగతి అనడానికి కొలమానం మారాలి. మారింది కూడా. ప్రాణం దక్కడం అప్పటికి దాదాపు ఖాయమైంది. నొప్పి, మచ్చ, ఆసుపత్రిలో ఉండే రోజులు లెక్కలోకి వచ్చాయి. అదే ఏడాది ముంబయిలోని జె.జె. ఆసుపత్రిలో తెహెంతన్ ఉద్వాడియా లాపరోస్కోపీతో పిత్తాశయాన్ని తొలగించి భారతదేశంలో ఈ మార్గాన్ని తెరిచాడు.

క్లేమన్ పద్ధతి పెరిటోనియం గుండా సాగింది. సైమన్ జాగ్రత్తగా తప్పించుకున్న దారి అదే. 1992లో ముంబయి వైద్యుడు దుర్గా గౌర్ ఆ పాత వెనుకదారిని కీహోల్ పద్ధతికి తిరిగి తెచ్చాడు. నడుము వెనుక భాగంలో కెమెరా తిరగడానికి సహజమైన ఖాళీ లేదు. శస్త్రవైద్యులు తొడుక్కునే రబ్బరు తొడుగు వేలిని ఒక గొట్టానికి కట్టి, లోపలికి చొప్పించి, రక్తపోటు చూసే పరికరపు పంపుతో దాన్ని బుడగలా ఊదితే ఆ చోటు ఏర్పడుతుందని అతడు చూపాడు. ఖరీదైన యంత్రాలతో ముడిపడిన ఈ చరిత్రలో ఏ చిన్న ఆసుపత్రిలోనైనా దొరికే వస్తువులతో చేసిన ఈ ఆవిష్కరణ ప్రపంచమంతటా అనుసరణీయమైంది. తెలుగు వైద్యవిద్యార్థికి సైమన్, క్లేమన్ పేర్లు తెలిసినంతగా గౌర్ పేరు తెలియకపోవడం లోపమే.

కీహోల్ పద్ధతికి కూడా ధర ఉంది. కడుపులో నింపిన వాయువు ఊపిరితిత్తుల మీద ఒత్తిడి పెంచుతుంది, రక్తంలోకి కొంత ఇంకుతుంది. అందువల్ల పూర్తి మత్తు, కృత్రిమ శ్వాస యంత్రం, రోగి వదిలే వాయువును క్షణక్షణం కొలిచే పరికరం ఉండాలి. ఊపిరిని కనిపెట్టి ఉండమన్న లారీ మాట ఇక్కడ మరో రూపంలో తిరిగి వస్తుంది. మూత్రపిండాన్ని ముక్కలు చేయకుండా తీయాలంటే చివరికి పొత్తికడుపు దగ్గర ఒక కోత పెట్టక తప్పదు. కనుక 'కోత లేని ఆపరేషన్' అన్న ప్రచారం సరికాదు. కోత చోటు మారింది, కండరాలు తెగడం తగ్గింది. అంతవరకే నిజం. ఆ మేరకు అది పెద్ద నిజమే.

6. ఆరోగ్యవంతుని గాయం:

రోగి మూత్రపిండాన్ని తీసేటప్పుడు గాయం అతని జబ్బుకు చెల్లించే మూల్యం. దాత విషయంలో అలా కాదు. 1954 డిసెంబరు 23న బోస్టన్‌లో కవల సోదరుల మధ్య జరిగిన మూత్రపిండ మార్పిడిలో, దాత నుంచి అవయవాన్ని తీసిన హార్ట్‌వెల్ హారిసన్ ఏ జబ్బూ లేని మనిషిని కోయవలసి వచ్చింది. భారతదేశంలో 1971లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల ఈ చికిత్సను విజయవంతంగా చేసింది. 1994లో మానవ అవయవ మార్పిడి చట్టం వచ్చింది. మరణానంతర దానాలను సమన్వయించే జీవన్‌దాన్ కార్యక్రమం తెలుగు నేల మీద నిమ్స్ కేంద్రంగా నడిచింది. అయినా మార్పిడిలో అధిక భాగం సజీవ దాతల మీదే ఆధారపడి ఉంది. ఆ దాతల్లో స్త్రీలే ఎక్కువ. తల్లి ఇస్తుంది, భార్య ఇస్తుంది. కోలుకునే రోజుల్లో ఇంటి పని చేసి పెట్టవలసిన మనిషి ఆమే కావడం వల్ల, ఆమె విశ్రాంతి ఏ లెక్కలోనూ చేరదు.

1995లో బాల్టిమోర్‌లో లాయిడ్ రాట్నర్, లూయిస్ కవూసీ మొదటిసారి లాపరోస్కోపీతో దాత మూత్రపిండాన్ని తీశారు. కవూసీ 1990 నాటి క్లేమన్ బృందంలోనూ ఉన్నాడు. దాతల విషయంలో రెండు పద్ధతులనూ పోల్చిన కాక్రేన్ సమీక్ష 2011లో వెలువడింది. యాదృచ్ఛిక పద్ధతిలో జరిగిన 6 అధ్యయనాలు, 596 మంది దాతలు అందులో ఉన్నారు. లాపరోస్కోపీ దాతలకు నొప్పి మందులు తక్కువ అవసరమయ్యాయి, ఆసుపత్రిలో తక్కువ రోజులు ఉన్నారు, పనికి త్వరగా వెళ్లారు. శస్త్రచికిత్స సమయం, మూత్రపిండానికి రక్తం అందని వ్యవధి మాత్రం వారిలోనే ఎక్కువ. గ్రహీతలో ఆ మూత్రపిండం పనిచేసిన తీరులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మధ్యలో ఓపెన్‌గా మార్చవలసి వచ్చినవి 1 నుంచి 1.8 శాతం. దాతకు సంబంధించినంత వరకు కీహోల్ పక్షాన వాదన బలమైనదనడానికి ఇది చాలు. స్వచ్ఛందంగా గాయాన్ని స్వీకరించే మనిషికి సాధ్యమైనంత చిన్న గాయం ఇవ్వడం వైద్యధర్మం కూడా.

7. మిగిలేది ఎంత?

కణితి ఉన్న మూత్రపిండం విషయంలో తూకం మరోలా ఉంటుంది. మొత్తం మూత్రపిండాన్ని చుట్టూ ఉన్న కొవ్వుతో సహా తీయాలన్న నియమాన్ని 1960లలో టొరంటో వైద్యుడు రాబ్సన్ స్థిరపరిచాడు. తరువాతి కాలంలో నాలుగు సెంటీమీటర్ల లోపు కణితికి ఆ భాగాన్ని మాత్రమే తీసి మిగతాది కాపాడాలన్న అభిప్రాయం బలపడింది. ఇక్కడే కీహోల్ చరిత్రలోని చిక్కు ఉంది. లాపరోస్కోపీతో మొత్తం తీయడం కంటే కొంత తీసి మిగిలినదాన్ని కుట్టడం చాలా కష్టం. రక్తప్రవాహాన్ని ఆపి ఉంచిన కొద్ది నిమిషాల్లో ఆ కుట్లు పూర్తి కావాలి. అందువల్ల 2000 తరువాతి దశాబ్దంలో, ఓపెన్ కోతతో సగం మూత్రపిండం దక్కగల రోగికి చిన్న గాట్లతో మొత్తం తీసివేయడం జరుగుతోందన్న విమర్శ శస్త్రవైద్యుల నుంచే వచ్చింది. చర్మం మీద గాయం చిన్నది, లోపల నష్టం పెద్దది. మధుమేహం, రక్తపోటు ఉన్నవారికి ఆ నష్టం మరీ పెద్దది. రోబో సాయంతో కుట్లు వేయడం సులువైంది. 2023లో నిమ్స్‌లో రోబో శస్త్రచికిత్సలు మొదలు కావడంతో ప్రభుత్వ రంగంలోని రోగికి కూడా ఆ దారి తెరుచుకుంది.

కణితి పెద్ద సిరలోకి పాకినప్పుడు, చీము పట్టిన మూత్రపిండం చుట్టుపక్కల అవయవాలకు అతుక్కుపోయినప్పుడు ఓపెన్ కోత నేటికీ సాధారణంగా అనుసరించే పద్ధతి. రాళ్లను ఏళ్ల తరబడి నిర్లక్ష్యం చేసి చివరికి వచ్చే గ్రామీణ రోగిలో ఆ రెండో స్థితి అరుదు కాదు. ఆలస్యంగా వచ్చే రోగికే పెద్ద కోత మిగలడం వైద్య విషయం ఎంతో సామాజిక విషయమూ అంతే. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం ఖర్చు భారాన్ని తగ్గించింది. ఆలస్యాన్ని తగ్గించేది ఊళ్లో జరిగే మూత్రపరీక్ష, స్కానింగ్ మాత్రమే.

8. మార్చవలసి వస్తే:

కీహోల్ శస్త్రచికిత్స మధ్యలో రక్తనాళం తెగితే కొన్ని నిమిషాల్లో డొక్క తెరవాలి. ఆ పని చేయగల చెయ్యి ఆ గదిలోనే ఉండాలి. 1990లలో లాపరోస్కోపీ నేర్చుకున్న తరానికి ఓపెన్ కోత ముందే వచ్చు. కెమెరా తెర మీదే శరీరాన్ని చూస్తూ శిక్షణ పొందే తరానికి ఓపెన్ శస్త్రచికిత్స చూసే అవకాశం రానురాను తగ్గుతోంది. ఇది వైద్యవిద్య ఎదుర్కొంటున్న నిజమైన ఇబ్బంది. మొయినాబాద్, చేవెళ్లలోని కళాశాలల వంటి చోట్ల చదివే విద్యార్థుల తరానికి ఇది రేపటి సమస్య. చిన్న గాటుకు ధైర్యం ఇచ్చేది పెద్ద కోత తెలిసిన చెయ్యే గనుక, ఒక ఆసుపత్రిలో కీహోల్ ఉందా అని అడిగే రోగి, అవసరమైతే ఓపెన్ చేయగలవారు ఉన్నారా అని కూడా అడగాలి.

ఆ ప్రశ్నకు చట్టపరమైన రూపం అంగీకార పత్రం. మూత్రాశయంలోని రాయిని కోసి తీసే ముందు రాజుకు విన్నవించి అనుమతి పొందాలని సుశ్రుత సంహిత వైద్యునికి సూచించింది. కోసినా ఫలితం సందేహమే, కోయకుంటే మరణం తప్పదన్న స్థితిలో చెప్పిన మాట అది. అనుమతి రాజుది, శరీరం రోగిది. 2008 జనవరి 16న సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో ఇచ్చిన తీర్పు ఆ స్థానాన్ని రోగికి ఇచ్చింది. ఆ కేసులో రోగి అంగీకరించింది లాపరోస్కోపీ పరీక్షకు. ఆమె మత్తులో ఉండగా ఆమె తల్లి చేత సంతకం చేయించుకొని, కడుపు కోసి గర్భాశయాన్నీ అండాశయాలనూ తొలగించారు. పరీక్షకు ఇచ్చిన అంగీకారం తొలగింపుకు వర్తించదని, ప్రాణాపాయం తప్పించడానికి తప్ప రోగి సొంత అంగీకారం లేకుండా అదనపు చికిత్స చేయరాదని న్యాయస్థానం తేల్చింది. లాపరోస్కోపీ నుంచి ఓపెన్‌కు మారే అవకాశాన్ని ముందే చెప్పి, రాసి, సంతకం తీసుకోవలసిన అవసరానికి ఈ తీర్పు బలమిచ్చింది.

ఆ రాత ఏ భాషలో ఉండాలన్నది భాషాశాఖల వారికి సంబంధించిన విషయం. 'కన్వర్షన్ టు ఓపెన్' అన్న ఇంగ్లీషు పదబంధాన్ని తెలుగు లిపిలోకి దించినంత మాత్రాన అది రోగికి అర్థం కాదు. 'వివృత శస్త్రచికిత్సగా పరివర్తన' అన్నా అర్థం కాదు. చిన్న గాట్లతో మొదలుపెడతామని, రక్తం ఆగకపోయినా మూత్రపిండం అతుక్కుపోయి ఉన్నా డొక్కలో పెద్దగా కోయవలసి వస్తుందని, అప్పుడు రెండు మూడు నెలలు బరువులు ఎత్తకూడదని రాస్తే చేవెళ్ల మార్కెట్టుకు టమాటాలు తెచ్చే రైతుకు తాను దేనికి సంతకం పెడుతున్నాడో తెలుస్తుంది.